ఇంట్లో దొంగ పడితే ఏ కేసు అవుతుంది? ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు చదవడం ఎలా

ఊరెళ్లి వచ్చేసరికి తలుపు వారగా తెరిచి ఉంటుంది. బీరువా బార్లా, బట్టలన్నీ నేల మీద. ఆ కంగారులోనే స్టేషన్‌కి పరుగెత్తి ఫిర్యాదు ఇస్తాం. కాసేపటికి ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికొస్తుంది. అందులో ‘331(4), 305 బీఎన్‌ఎస్’ అని చిన్న ముక్క ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని చూడను కూడా చూడరు, మడిచి ఫైల్లో పెట్టేస్తారు. కేసు బలమంతా ఆ ముక్కలోనే ఉంటుంది. దాన్ని చదవడం పెద్ద విద్యేం కాదు. వరసగా కొన్ని ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ముందు ఒక మాట చెప్పాలి. ఇంగ్లిష్ పేపర్లు ‘బర్గ్లరీ’ అని రాస్తుంటాయి కదా, మన శిక్షా చట్టంలో ఆ పేరుతో నేరమే లేదు. పాత ఇంగ్లండు చట్టంలో బర్గ్లరీ అంటే ఒకటే ముద్ద: రాత్రి పూట కావాలి, మనుషులు కాపురముండే ఇల్లు కావాలి, పగలగొట్టి లోపలికి రావాలి, ఏదో పెద్ద నేరం చేసే ఉద్దేశం ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా అది బర్గ్లరీ కాదు. 1860లో ఐపీసీ తెచ్చినప్పుడు ఆ ముద్దను ముక్కలుగా విడగొట్టారు. ఎలా వచ్చాడు, ఎప్పుడు వచ్చాడు, ఎందుకు వచ్చాడు అని ఒక్కో దానికి ఒక్కో మెట్టు పెట్టారు. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ వచ్చినా ఆ మెట్లు అలాగే ఉన్నాయి. ఇంగ్లండు వాళ్లు మాత్రం 1968లో థెఫ్ట్ యాక్ట్ తెచ్చుకుని, రాత్రి అన్న షరతునూ పగలగొట్టడం అన్న షరతునూ వదిలేశారు. ఆ చీకటి లెక్కలు మనం ఇంకా మోస్తూనే ఉన్నాం.

మొదట తేదీ చూడండి

బీఎన్‌ఎస్ 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దొంగతనం అంతకుముందు జరిగి ఉంటే పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. చూడాల్సింది నేరం జరిగిన రోజు. ఫిర్యాదు ఇచ్చిన రోజు కాదు. అందుకే ఇప్పటికీ కోర్టుల్లో ‘457, 380 ఐపీసీ’ అన్న కేసులు నడుస్తూనే ఉన్నాయి. పాత 457 ఇప్పుడు 331(4) అయింది. పాత 380 ఇప్పుడు 305 అయింది. పగటి పూట ఇంటికి కన్నం వేస్తే పాతది 454, కొత్తది 331(3). ఈ మూడు జతలు గుర్తుంటే పాత తీర్పుల గురించి ఎక్కడ చదివినా తికమక పడరు.

చోరీని, చొరబాటును విడదీయండి

అందరూ తడబడేది ఇక్కడే. మన దృష్టిలో ఇల్లు పగలగొట్టి బంగారం పట్టుకుపోవడం ఒకటే సంఘటన. చట్టం దృష్టిలో అవి రెండు నేరాలు. ఇంట్లోకి అలా రావడం ఒక నేరం, వస్తువు తీసుకుపోవడం ఇంకో నేరం. ఎఫ్‌ఐఆర్‌లో రెండు నంబర్లు ఉండేది అందుకే. 331 చొరబాటుకు, 305 చోరీకి.

దీనివల్ల ఒక విశేషం ఉంది. దొంగ అర్ధరాత్రి తాళం తీసి లోపలికి వచ్చాడు, బీరువా వెతికాడు, ఏమీ దొరక్క వట్టి చేతులతో పోయాడు. ‘ఏమీ పోలేదుగా, ఇంకేం కేసు’ అని మనవాళ్లే అనేస్తుంటారు. కానీ చొరబాటు నేరం పూర్తిగా జరిగిపోయింది. దొంగిలించే ఉద్దేశంతో రాత్రి వచ్చాడని రుజువైతే 331(4) మొత్తంగా వర్తిస్తుంది. చిల్లిగవ్వ పోకపోయినా సరే.

దీనికి తిరగబడిన సందర్భం కూడా ఉంది. ఇంటికి పిలిచిన చుట్టం, హాల్లో కూర్చున్నవాడు, టేబుల్ మీది ఫోన్ జేబులో వేసుకుని పోయాడు. ఇంట్లో జరిగిన చోరీయే కాబట్టి 305 వస్తుంది. కానీ వాడు పిలిస్తే వచ్చినవాడు, చొరబడలేదు. 331 రాదు. ఇంట్లో పనికి కుదిరిన మనిషి యజమాని సొత్తు ఎత్తుకుపోతే దానికి 306 అని వేరే సెక్షన్ ఉంది. అందులోనూ చొరబాటు ఊసుండదు.

చోరీ అంటే ఏమిటో 303 చెబుతుంది. ఒకరి స్వాధీనంలో ఉన్న, కదిలించగల వస్తువును, వాళ్ల సమ్మతి లేకుండా, అన్యాయంగా తీసుకునే ఉద్దేశంతో కదల్చడం. ఎత్తుకుని వీధి దాటక్కర్లేదు, కదిపితే చాలు. మామూలు చోరీకి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. అదే చోరీ కాపురముండే ఇంట్లోనో, సరుకు భద్రపరిచే భవనంలోనో జరిగితే 305 కింద 7 ఏళ్ల వరకూ పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో దొంగతనానికి ఒట్టి 303(2) మాత్రమే పెట్టి ఉంటే, ఎందుకలా అని అడగాల్సిందే.

అది చట్టం చెప్పే ‘ఇల్లు’ అవునా?

329 మూడు రకాల చోట్లను చెబుతుంది. మనుషులు నివాసంగా వాడే భవనం, గుడారం లేదా ఓడ ఒకటి. ప్రార్థన చేసుకునే భవనం రెండోది. సరుకు భద్రపరిచే భవనం మూడోది. అంటే షాపు, గోడౌన్, గుడి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఇంటివాళ్లు వారం రోజులు తాళం వేసి ఊరెళ్లినా అది నివాసమే. అదే గోడలు లేచి ఇంకా ఎవరూ దిగని ఖాళీ కట్టడమైతే వాదన మొదలవుతుంది.

కారు ఇల్లు కాదు. కారు అద్దం పగలగొట్టి బ్యాగు తీసుకుపోతే 331 గురించి ఆలోచించక్కర్లేదు. వాహనంలోంచి వస్తువు దొంగిలించడాన్ని 305లోనే వేరే ఖండంగా పెట్టారు.

అనుమతి లేకుండా వచ్చాడా? ఏ ఉద్దేశంతో?

ఇంకొకరి స్వాధీనంలో ఉన్న చోటికి, నేరం చేయాలనో, అక్కడున్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ప్రవేశిస్తే అది నేరపూరిత అతిక్రమణ. అది ‘ఇంట్లో’ జరిగితే గృహ అతిక్రమణ. సక్రమంగానే వచ్చి, పొమ్మన్నా పోకుండా చెడు ఉద్దేశంతో తిష్ఠ వేసినా అంతే.

‘ప్రవేశం’ అంటే మనిషి మొత్తం లోపలికి రానక్కర్లేదు. శరీరంలో ఏ భాగం లోపలికి వచ్చినా చాలు. కిటికీలోంచి చెయ్యి పెట్టి హ్యాండ్‌బ్యాగు లాగేవాడు ప్రవేశించినట్టే. మరి బయటే నిలబడి, పొడుగాటి కర్రకు కొక్కెం కట్టి కొక్కానికున్న ప్యాంటును లాక్కుపోయేవాడి సంగతేమిటి? వాడి చెయ్యి ఊచలు దాటలేదు, కర్ర మాత్రమే దాటింది. చట్టంలో ఉన్న మాట శరీర భాగం గురించి. నిందితుడి లాయరు ఆ మాటనే పట్టుకుంటాడు. అలాంటి కేసులో చోరీ సెక్షన్ మీద అనుమానం లేదు కానీ చొరబాటు సెక్షన్ నిలుస్తుందా అన్నది వాదన మీద ఆధారపడుతుంది. చెయ్యి ఎంతవరకు వచ్చిందో చూసినవాళ్లు ఉంటే ఆ మాట వాంగ్మూలంలో రావాలి.

ఎలా వచ్చాడు? అసలు కిటుకు ఇదే

ఇక్కడ తీరుబడిగా చదవండి. గృహ అతిక్రమణ వేరు, గృహ భేదనం వేరు. రెండోదాన్నే, అంటే హౌస్ బ్రేకింగ్‌నే, పోలీసులు పొట్టిగా ‘హెచ్‌బీ’ అంటారు. రాత్రి జరిగితే హెచ్‌బీ బై నైట్, పగలైతే హెచ్‌బీ బై డే. పేరులో భేదనం అని ఉంది కాబట్టి ఏదో ఒకటి పగలాలి అనుకుంటారు. అక్కర్లేదు. 330లో ఆరు పద్ధతులు చెప్పారు. వాటిలో ఏ ఒక్కటైనా చాలు.

మొదటిది, లేని దారిని తానే చేసుకోవడం. గోడకు కన్నం, కోసేసిన కిటికీ ఊచలు, లేపేసిన పైకప్పు రేకు. ‘కన్నపు దొంగ’ అన్న మన పాత మాట సరిగ్గా వీడి గురించే. చట్టంలో ఇచ్చిన ఉదాహరణలో కూడా దొంగ గోడకు రంధ్రం చేసి అందులోంచి చెయ్యి దూరుస్తాడు. అంతే, నేరం పూర్తి.

రెండోది, మనుషులు రావడానికి ఉద్దేశించని దారిలో రావడం, లేదా గోడో భవనమో ఎక్కి ఒక దారిని అందుకోవడం. వెంటిలేటర్‌లోంచి దూరినవాడు ఇందులోకి వస్తాడు. రెండో అంతస్తులో బాల్కనీ తలుపు మీరే గాలికని తెరిచి పెట్టారు, వాడు గోడ పట్టుకుని ఎక్కి ఆ తెరిచిన తలుపులోంచే దర్జాగా నడిచి వచ్చాడు. ఏదీ పగల్లేదు, గీత కూడా పడలేదు. అయినా అది గృహ భేదనమే, ఎక్కి వచ్చాడు కాబట్టి. ‘తలుపు తీసి పెట్టుకున్నాం, తప్పు మాదేనేమో’ అని ఇంటివాళ్లు సిగ్గుపడి ఈ విషయం ఫిర్యాదులో దాచేస్తుంటారు. దాచకండి. ఎక్కి వచ్చిన గుర్తులే మీకు ఆధారం.

మూడోది, తలుపు ఎలా తెరవాలని ఇంటివాళ్లు అనుకున్నారో అలా కాకుండా ఇంకోలా తెరవడం. తలుపు సందులోంచి ఇనప తీగ దూర్చి గడియ పైకి లేపేవాడు ఇక్కడికి వస్తాడు.

నాలుగోది తాళం తీయడం. చట్టం అన్నది తీయడం అనే, పగలగొట్టడం అని కాదు. మారు తాళంచెవితో తీసినా ఒకటే. మీరు పోగొట్టుకున్న తాళంచెవి వాడికి దొరికి, దానితో మీ ఇంటి తలుపు తీసినా ఒకటే. ఇది కూడా చట్టంలో ఉన్న ఉదాహరణే.

ఐదోది, బలప్రయోగం, దాడి, లేదా దాడి చేస్తానన్న బెదిరింపు. గుమ్మంలో అడ్డం నిలబడ్డ మనిషిని కింద పడేసి లోపలికి వెళ్లడం, కాపలా ఉన్నతన్ని కొడతానని బెదిరించి వెళ్లడం. తలుపు తెరిచే ఉన్నా ఇది గృహ భేదనం.

ఆరోది, ఎవరూ రాకుండా మూసి పెట్టారని తెలిసీ ఆ మూతను విప్పడం. వాడు విప్పినా, వాడికి సాయపడేవాడు విప్పినా ఒకటే. లోపలి మనిషి ఒకడు చేతులు కలిపి రాత్రి పెరటి తలుపు గడియ తీసి ఉంచితే, బయటివాడు చెయ్యి తగలకుండానే వచ్చినా తప్పించుకోలేడు.

ఈ ఆరింటికీ ఇంకో సగం ఉంది. లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికి వాడినా ఇవే పద్ధతులు వర్తిస్తాయి. పగలు షాపు తెరిచి ఉన్నప్పుడు కొనడానికి వచ్చినవాడిలా వచ్చి, మూల స్టాకు వెనక నక్కి, షట్టరు వేశాక గల్లాపెట్టె ఖాళీ చేసి, వెనక తలుపు తాళం లోపల్నుంచి తీసి పోయినవాడు గృహ భేదనం చేసినట్టే. తెరిచిన తలుపులోంచే వచ్చాడు కదా అంటే కుదరదు.

మరి ఈ ఆరింటిలో ఏదీ కాకపోతే? మధ్యాహ్నం వీధి తలుపు తెరిచి ఉంది, ఇంటావిడ పెరట్లో ఉంది, వాడు నేరుగా నడిచొచ్చి ల్యాప్‌టాప్ తీసుకుని నేరుగా నడిచిపోయాడు. ఇది గృహ భేదనం కాదు. చోరీకి 305 ఉంటుంది, దొంగతనం కోసం గృహ అతిక్రమణ చేసినందుకు 332 ఉంటుంది. దానికి గరిష్ఠం 7 ఏళ్లు.

దాక్కుని వచ్చాడా?

330లో గృహ భేదనం పక్కనే ఇంకొకటి ఉంది: దొంగచాటు గృహ అతిక్రమణ. ఇంగ్లిష్‌లో లర్కింగ్ హౌస్ ట్రెస్‌పాస్ అంటారు. తనను గెంటేసే హక్కున్న మనిషి కంటపడకుండా జాగ్రత్తలు తీసుకుని చొరబడటం. చీకట్లో వచ్చాడు అన్నంత మాత్రాన ఇది అయిపోదని కోర్టులు చెబుతూ వచ్చాయి. దాక్కోవడానికి వాడు ఏదో ఒకటి చేసి ఉండాలి. బయట బల్బు తీసేశాడా, సీసీ కెమెరాను పక్కకు తిప్పాడా, మంచం కింద నక్కాడా అన్నవి కావాలి. శిక్ష విషయంలో దీన్నీ గృహ భేదనాన్నీ చట్టం ఒకే గాటన కట్టింది. కాబట్టి ఆరు పద్ధతుల్లో ఒకటి దొరికితే దీని కోసం తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఎప్పుడు వచ్చాడు?

ఇక్కడ రాత్రి అంటే సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు. మనం నిద్రపోయే వేళతో సంబంధం లేదు. చలికాలం సాయంత్రం పొద్దు గుంకాక, వీధిలో జనం తిరుగుతుండగానే ఇల్లు పగలగొట్టినా అది రాత్రి నేరమే.

తేడా చిన్నదేం కాదు. దొంగతనం చేయడానికి పగలు గృహ భేదనం చేస్తే 331(3), గరిష్ఠం 10 ఏళ్లు. అదే పని రాత్రి చేస్తే 331(4), గరిష్ఠం 14 ఏళ్లు. చిక్కెక్కడంటే, మీరు శుక్రవారం పొద్దున వెళ్లి ఆదివారం రాత్రి వచ్చారు. మధ్యలో ఎప్పుడు జరిగిందో ఎవరికి తెలుసు? స్టేషన్‌లో మామూలుగా 331(4) అని రాసేస్తారు. విచారణలో మాత్రం రాత్రి అని చూపించాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. పక్కింటివాళ్లు శనివారం సాయంత్రం తలుపు మూసి ఉండటం చూశారా, పాలు వేసే అబ్బాయి తెల్లవారుజామున తెరిచి ఉండటం చూశాడా, కెమెరాలో టైము ఏం పడింది? ఇలాంటివి మొదట్లోనే అడిగి రాసి పెట్టుకుంటే పనికొస్తాయి. నెల తర్వాత ఎవరికీ గుర్తుండవు.

ఇంకేమైనా తోడయ్యిందా?

కొట్టడానికో, కట్టేయడానికో సిద్ధపడి ఆయుధాలతో వస్తే 331(5). అదే రాత్రి అయితే 331(6). చొరబడుతూ ఎవరికైనా తీవ్ర గాయం చేసినా, చంపబోయినా 331(7) కింద యావజ్జీవం వరకూ పోతుంది. రాత్రి గుంపుగా వచ్చి, అందులో ఒక్కడు ప్రాణం తీసినా, తీవ్రంగా గాయపరిచినా 331(8) కింద చొరబాటులో పాలున్న అందరి మెడకూ చుట్టుకుంటుంది.

చోరీ చేస్తుండగానో, సొత్తు పట్టుకుపోతుండగానో గాయపరిస్తే, నిర్బంధిస్తే, అప్పటికప్పుడు అలా చేస్తామన్న భయం పెడితే అది చోరీ దాటి దోపిడీ అవుతుంది, 309. అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి చేస్తే బందిపోటు దోపిడీ, 310. పేపర్లు తాళం వేసిన ఇంట్లో చోరీని కూడా ‘భారీ దోపిడీ’ అని రాస్తుంటాయి. ఇంట్లో మనిషే లేనప్పుడు ఎవరిని భయపెట్టినట్టు? హెడ్డింగ్ చూసి మీ ఎఫ్‌ఐఆర్‌లో 309 ఎందుకు లేదని గొడవ పెట్టుకోకండి.

ఊచలు కోస్తుండగానే పట్టుబడి, లోపలికి రాలేకపోతే అది ప్రయత్నం. సెక్షన్ 62 కలుస్తుంది. సాధారణంగా అసలు నేరానికున్న గరిష్ఠ జైలుశిక్షలో సగం వరకూ వేయొచ్చు.

శిక్ష అంకెను సరిగ్గా చదవండి

14 ఏళ్లు అని చూడగానే, దొరికితే 14 ఏళ్లు లోపలే అనుకుంటాం. అది ‘వరకు’ మాత్రమే. పైగా ఒక విచిత్రం ఉంది. 331(4) కేసును విచారించేది మొదటి తరగతి మేజిస్ట్రేట్. ఆ మేజిస్ట్రేట్‌కు 3 ఏళ్లకు మించి జైలు వేసే అధికారమే లేదు. అంతకన్నా ఎక్కువ శిక్ష పడాల్సిన కేసని అనిపిస్తే చీఫ్ జుడిషియల్ మేజిస్ట్రేట్‌కు పంపాలి. ఆయన అధికారం కూడా 7 ఏళ్ల వరకే. పుస్తకంలో అంకెకూ కోర్టులో వినే అంకెకూ అంత దూరం ఉంటుంది. ఇది ముందే తెలిస్తే తీర్పు రోజున నీరుగారిపోరు.

మరి పెద్ద సెక్షన్ పడితే లాభమేమిటి? 331(4), 305 రెండూ పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగలిగినవి, బెయిలు హక్కుగా రానివి. 7 ఏళ్లు లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష ఉన్న నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటనా స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించి, వీడియో తీయాలని కొత్త ప్రక్రియా చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 176 అంటుంది. దీన్ని ఎప్పటినుంచి తప్పనిసరి చేయాలో ఒక్కో రాష్ట్రం నోటిఫై చేయాలి, అందుకు 5 ఏళ్ల గడువు ఇచ్చారు. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్షలున్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో, ఎఫ్‌ఐఆర్‌కు ముందు 14 రోజుల ప్రాథమిక విచారణకు కూడా వీలుంది. ఒట్టి 303(2) ఆ గీతలోపలికి వస్తుంది. 305 రాదు. అందుకే ఆ నంబరు విషయంలో పట్టుబట్టమంటున్నాను.

ఫిర్యాదు రాసేటప్పుడు

పోయిన వస్తువుల జాబితా రెండు పేజీలు రాసి, దొంగ ఎలా వచ్చాడన్నది ఒక్క లైన్లో తేల్చేసే ఫిర్యాదులే ఎక్కువ. తిరగేసి రాయండి. ఇల్లు ఎప్పుడు, ఎవరు, ఎలా మూశారు; చివరిసారి సవ్యంగా ఉండగా ఎవరు చూశారు; తిరిగొచ్చి చూస్తే ఏ తలుపు, ఏ కిటికీ, ఏ స్థితిలో ఉంది. ఇదంతా ముందు రావాలి. ఆ తర్వాతే నగలు, నగదు.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. ఫిర్యాదులో ‘తాళం పగలగొట్టి’ అని ఉంది. మధ్యవర్తుల సమక్షంలో రాసిన పంచనామాలో మాత్రం తాళం స్వాధీనం చేసుకున్నట్టూ, అది వేసి ఉన్నది వేసినట్టే, గీత పడకుండా ఉన్నట్టూ ఉంది. నిజానికి జరిగిందేమిటంటే దొంగ తాళం జోలికే పోలేదు. గడియ కొక్కేన్ని తలుపు చెక్కకు బిగించిన నాలుగు మరలను మూల్లోంచి పెకలించాడు. కొక్కెం తాళంతో సహా ఇటువైపు వేలాడుతోంది. చెక్కలో నాలుగు చిల్లులు, కింద రంపపు పొట్టులాంటి పొడి. ఇంటాయన కంగారులో అందరూ అనే మాటే అనేశాడు, రాసినవాళ్లు అదే రాశారు. కోర్టులో ఎదుటి లాయరు ఆ తాళాన్ని చేతిలో పట్టుకుని, ‘పగిలిందన్నారు, ఎక్కడ పగిలిందో చూపించండి’ అని అడిగాడు. మూసి ఉన్న తలుపును ఎలా పెకలించినా గృహ భేదనమే కాబట్టి సెక్షన్ మారదు. కానీ సాక్షి నమ్మదగినవాడు కాదన్న అనుమానం కోర్టులో పడింది. చూసింది చూసినట్టు రాయడమే మేలు. ‘కొక్కెం మరలతో సహా ఊడి వేలాడుతోంది’ అంటే అంతే రాయండి.

క్లూస్ టీమ్ వచ్చేదాకా గడపలో, బీరువా దగ్గర చెయ్యి పెట్టకండి. ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాత ఫిర్యాదు ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, పరిధి కాదని పంపించేయకూడదు. ఆన్‌లైన్‌లో పంపితే 3 రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపొచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఇవన్నీ బీఎన్‌ఎస్‌ఎస్ 173లోనే ఉన్నాయి.

సొత్తు దొరికాక ఛార్జిషీటు చూడండి

సొత్తు రికవరీ అయింది అనగానే కేసు గెలిచేసినట్టు ఊరట పడతాం. దొంగ సొత్తు చోరీ జరిగిన కొద్దికాలానికే ఒకడి దగ్గర దొరికి, దానికి వాడు సరైన లెక్క చెప్పలేకపోతే, వాడు దొంగ అయినా అయ్యుండాలి, దొంగసొత్తని తెలిసి తీసుకున్నవాడైనా అయ్యుండాలి అని కోర్టు ఊహించుకోవచ్చు. సాక్ష్య చట్టం ఇచ్చిన వెసులుబాటు ఇది. ఆ ‘అయినా, అయినా’ దగ్గరే ఉంది మెలిక. మీ ఇంట్లోకి చొరబడింది వాడేనని చూపే వేలిముద్రో, కెమెరా దృశ్యమో, సాక్షో లేకపోతే 331 వీగిపోయి, దొంగసొత్తు తీసుకున్నందుకు 317(2) మాత్రమే మిగలొచ్చు. దాని గరిష్ఠం 3 ఏళ్లు. పోలీసుల ముందు ‘నేనే చేశాను’ అన్న ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. వాడు చెప్పగా వెళ్లి వస్తువు బయటికి తీసినంత వరకే ఆ మాట పనికొస్తుంది.

దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదికి గానీ బాధితులకు గానీ తెలియజేయాలి. లాయరును పెట్టుకుంటే ఛార్జిషీటు, దానికి జతచేసిన కాగితాలు బాధితులకూ ఇవ్వాలి. అవి చేతికొచ్చాక ఎఫ్‌ఐఆర్ పక్కన పెట్టుకుని నంబర్లు పోల్చండి. 331(4)తో మొదలై ఛార్జిషీటులో 305 ఒక్కటే మిగిలితే, దర్యాప్తులో చొరబాటు ఆధారం ఎక్కడ జారిపోయిందో పంచనామాలోనూ సాక్షుల వాంగ్మూలాల్లోనూ వెతకండి. ఆధారం కాగితాల్లో ఉండి సెక్షన్ మాత్రమే తప్పిపోతే, ఆ పేజీలకు గుర్తు పెట్టి ప్రభుత్వ న్యాయవాదిని కలవండి. తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా అభియోగాన్ని మార్చే, కలిపే అధికారం బీఎన్‌ఎస్‌ఎస్ 239 కింద కోర్టుకు ఉంది.